బీరు బకెట్‌కి దుప్పటి!

చలికాలం వచ్చిందంటే మన వంటిళ్లలో ఒకటే గోల... 'పెరుగు తోడుకోలేదు', 'ఇడ్లీపిండి పొంగలేదు' అని. తోడుపెట్టిన గిన్నెను బియ్యం డబ్బాలో దాచేవారు కొందరైతే, తువ్వాలు చుట్టి పొయ్యి పక్కన ఉంచేవారు మరికొందరు. అమెరికాలోని తెలుగువాళ్లు పిండిగిన్నెను ఓవెన్‌లో పెట్టి, లోపలి లైటు మాత్రం వేసి ఉంచుతారు. బ్రిటన్‌లోనూ చాలామంది చలికాలంలో సరిగ్గా ఇలాంటి తిప్పలే పడుతుంటారు. కాకపోతే వాళ్ల గిన్నెలో ఉండేది... బీరు!

అక్కడ సొంతానికి ఇంట్లో బీరు చేసుకోవడం ఓ సరదా. ఒకప్పుడు దానికీ లైసెన్సు తీసుకోవాల్సి వచ్చేది. 1963 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి రెజినాల్డ్‌ మాడ్లింగ్‌ ఆ నిబంధన ఎత్తేశారు. అమ్మకూడదు, అంతే. అమెరికాలో ఇందుకు వీలు కల్పించే చట్టంపై 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌ సంతకం చేశారు. మన తెలుగు రాష్ట్రాల్లో మాత్రం లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేస్తే ఎక్సైజ్‌ చట్టం ప్రకారం నేరమే. కాబట్టి మనకిది చదువుకోవడానికి మాత్రమే!

పడుకున్నా ప్రమాదమే

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ నుంచి తీసిన తియ్యటి ద్రవాన్ని హాప్స్‌ అనే పూలతో కలిపి మరిగిస్తారు. చల్లార్చి, మూత ఉన్న పెద్ద బకెట్‌లో పోసి ఈస్ట్‌ కలుపుతారు. ఒక దఫాకి 23 లీటర్లు మామూలు. ఆ తర్వాత పనంతా ఈస్ట్‌దే. చక్కెరను తింటూ ఆల్కహాల్‌నీ కార్బన్‌ డయాక్సైడ్‌నీ వదులుతుంది. మూతకున్న గొట్టంలోంచి బుడగలు వస్తున్నాయంటే లోపల పని సాగుతున్నట్టే.

అయితే ఈ ఈస్ట్‌ మహా సుకుమారి. 'ఏల్‌' రకం బీరుకి వాడే ఈస్ట్‌కు 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్‌ ఉంటే హాయి. 'లాగర్‌' రకానికి పది, పన్నెండు డిగ్రీలు చాలు. బ్రిటన్‌ ఇళ్లలో శీతకాలం సాయంత్రాలు హీటింగ్‌ వేస్తారు, పడుకునేముందు ఆపేస్తారు. పాతకాలపు ఇటుక ఇల్లయితే తెల్లారేసరికి గది చల్లగా అయిపోతుంది. దాంతో ఏల్‌ ఈస్ట్‌ పని మానేసి అడుగుకు చేరి నిద్రపోతుంది. బుడగలూ ఆగిపోతాయి.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. బుడగలు ఆగాయి కదా, పని పూర్తయిందనుకుని కొత్తవాళ్లు బీరును సీసాల్లోకి ఎత్తేస్తారు. తినకుండా మిగిలిన చక్కెర అందులోనే ఉంటుంది. ఇల్లు మళ్లీ వెచ్చబడగానే ఈస్ట్‌ నిద్రలేస్తుంది. గ్యాసు బయటికి పోయే దారి ఉండదు. ఒత్తిడి పెరిగి పెరిగి సీసా పేలుతుంది. ఆ గాజుపెంకులు మనుషులకు గుచ్చుకునే ప్రమాదమూ ఉంది. అందుకే అనుభవజ్ఞులు బుడగల్ని నమ్మరు. ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్‌ని ముంచి చూస్తారు. వరసగా రెండుమూడు రోజులు ఒకే రీడింగు, అదీ అనుకున్నంత తక్కువ వస్తేనే సీసాలకు పని.

పోనీ అని హీటర్‌ పక్కనే పెట్టేస్తే? వేడి ఎక్కువైతే ఈస్ట్‌ రెచ్చిపోతుంది. బీరుకి అరటిపండు వాసనో, గొంతులో మండే ఘాటో వస్తుంది. అందుకే వెచ్చదనం ఎంత ముఖ్యమో, అది నిలకడగా ఉండటం అంతకన్నా ముఖ్యం.

తొట్టిలో బకెట్‌

పాత ఇళ్లలో వేడినీళ్ల ట్యాంకు ఉండే అల్మారాలో తువ్వాళ్లు ఆరబెడతారు. బీరు బకెట్‌కి మొదట గుర్తొచ్చే చోటు అదే. కానీ ట్యాంకు వేడెక్కినప్పుడు ఉక్క, చల్లారాక చలి. పైగా కొత్త రకం బాయిలర్లు ఉన్న చాలా ఇళ్లలో ఆ ట్యాంకే ఉండదు.

దుప్పటి చుట్టడం ఇంకో పద్ధతి. పని చేస్తున్నప్పుడు ఈస్ట్‌ కూడా వేడి పుట్టిస్తుంది. మొదటి రెండుమూడు రోజులు బకెట్‌ లోపల గదికన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. దుప్పటి ఆ వేడిని పోనివ్వదు. జోరు తగ్గాక మాత్రం దుప్పటి ఒక్కటే చాలదు... అది వేడిని ఆపగలదేగానీ పుట్టించలేదుగా!

అందుకే చాలామంది నీళ్ల తొట్టిని నమ్ముకుంటారు. బకెట్‌ని పెద్ద తొట్టిలో పెట్టి చుట్టూ నీళ్లు పోస్తారు. చేపల తొట్టెల్లో వాడే చిన్న హీటర్‌ని అందులో ముంచి 20 డిగ్రీల దగ్గర పెడతారు. నీళ్లు నిదానంగా వేడెక్కి, నిదానంగా చల్లారతాయి కాబట్టి గది ఎంత మారినా బీరుకి తెలియదు. నీళ్లు తగ్గి హీటర్‌ పైకి తేలకుండా చూసుకోవాలి.

ఇంకాస్త ఖర్చు పెట్టేవాళ్లు పాత ఫ్రిజ్‌ కొంటారు. చలికి ఫ్రిజ్‌ ఏంటని ఆశ్చర్యపోవద్దు. దాని గోడలు చల్లదనాన్నే కాదు, వెచ్చదనాన్నీ పట్టి ఉంచుతాయి. లోపల ఓ చిన్న హీటర్‌, బయట ఓ థర్మోస్టాట్‌. చల్లబడితే హీటర్‌, వేడెక్కితే ఫ్రిజ్‌ వాటంతటవే పనిచేస్తాయి. థర్మోస్టాట్‌ తీగను గాల్లో వేలాడదీయకుండా బకెట్‌కే అంటించడం అసలు కిటుకు. కొలవాల్సింది బీరు వేడిని కదా!

అప్పుడు వేడి, ఇప్పుడు చలి

ఇప్పుడు వీళ్లకు చలితో బాధగానీ ఒకప్పుడు బీరు తయారీదారులు భయపడింది ఎండాకాలానికి. వేసవిలో చేసిన బీరు పాడవుతోందని జర్మనీలోని బవేరియాలో 1553లో ఏకంగా ఏప్రిల్‌ నుంచి సెప్టెంబరు దాకా తయారీనే నిషేధించారు. ఆ ఇబ్బంది తీరింది 1870ల్లో, కార్ల్‌ వాన్‌ లిండె శీతలీకరణ యంత్రం మ్యూనిక్‌లోని స్పాటెన్‌ బ్రూవరీకి వచ్చాక. మన ఇళ్లలోని ఫ్రిజ్‌లకు పెద్దన్నలాంటిదన్నమాట.

నార్వే పల్లెలది ఇంకో తీరు. అక్కడి 'క్వైక్‌' అనే ఈస్ట్‌కి 30 నుంచి 40 డిగ్రీల వేడి కావాలి. మంచు కురిసే దేశంలో అంత వేడి కోరే ఈస్టా అనిపిస్తుంది. బీరు ద్రవాన్ని పూర్తిగా చల్లార్చకుండా ఒంటివేడి మీదుండగానే ఈస్ట్‌ కలిపి, పీపాను బాగా కప్పిపెట్టేవారు అక్కడి రైతులు. చలి లోపలికి చేరేలోపే, రెండుమూడు రోజుల్లో పని ముగిసేది. మిగిలిన ఈస్ట్‌ని చెక్క కడియాలకు పట్టించి ఆరబెట్టి దాచుకునేవారు. అది చెడిపోతే పక్కింట్లో అడిగి తెచ్చుకునేవారు... అచ్చం మనం తోడు కోసం గిన్నె పంపినట్టే!

ఇడ్లీపిండిని పులియబెట్టేవి ప్రధానంగా లాక్టిక్‌ యాసిడ్‌ బ్యాక్టీరియా. వాటికీ ఈ సూత్రమే వర్తిస్తుంది. ఈ చలికాలం పిండి మొరాయిస్తే, గిన్నెను గోరువెచ్చటి నీళ్లున్న పెద్ద గిన్నెలో పెట్టి పైన దుప్పటి కప్పి చూడండి. నీళ్లు మరీ వేడిగా ఉండకూడదు సుమా!