కోతల లెక్కుంది, కోలుకోవడం మాటేమిటి?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూశాను. దేశంలో నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లయితే ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో ఏకంగా 60.7! కోతలు లెక్కపెట్టాం సరే, ఆ తల్లులు ఎలా కోలుకున్నారో అడిగామా? "నొప్పులు పడలేదుగా, ఆపరేషనేగా" అనేస్తాం. పొట్టను పొరలు పొరలుగా కోసి కుట్టిన పెద్ద ఆపరేషన్ అది! అయినా బాలింతను కొందరు మంచం దిగనివ్వరు, కొందరు నెల తిరక్కుండానే నీళ్ల బిందె ఎత్తిస్తారు. రెండూ తప్పే. డాక్టరు సరేనంటే మర్నాటి నుంచే మెల్లగా నడవాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. మొదటి వారాల్లో బిడ్డను మించిన బరువు ఎత్తకూడదు. పొట్ట తగ్గే కసరత్తులు ఆరు వారాలకు డాక్టరు చూశాకే. డిశ్చార్జి కాగితంలో మందుల పక్కన ఈ మాటలూ రాసిమ్మని అడుగుదాం. అన్నాళ్లూ ఆ బిందె ఎత్తడానికి ఇంట్లో మగవాళ్ల చేతులున్నాయి కదా!