పటంలో పార్కు, నేలమీద ప్లాటు

కొత్త లేఔటు కరపత్రం ఏదైనా తీసి చూడండి. పసుపురంగు ప్లాట్ల నడుమ ఒక ఆకుపచ్చ చతురస్రం, అందులో ఊయల, జారుడుబల్ల, తీరికగా నడిచే వృద్ధదంపతులు. ఇళ్ళు లేచిన తరువాత వెళ్ళి చూస్తే ఆ చతురస్రం చాలాచోట్ల కానరాదు. కనిపించినా దానికో గేటు, గేటుకో తాళం. ఈ పాపమంతా బిల్డరుదేనని లోకం అంటుంది. నేను ముందుగా తప్పు పట్టేది అనుమతులిచ్చే నగర సంస్థలను, నియమాలు రాసే ప్రభుత్వాన్ని. బిల్డరు వర్తకుడు, లాభం చూసుకుంటాడు. అతణ్ణి కట్టడి చెయ్యవలసినవారే దారులు తెరిచిపెట్టారు.

ముందు లెక్క చూద్దాం. హైదరాబాదు చుట్టుపట్ల లేఔట్లలో 10 శాతం స్థలం ఖాళీగా వదలాలన్నది ఏళ్ళనాటి నియమం. పదెకరాల లేఔటులో అది ఒక ఎకరం, అనగా 4,840 గజాలు. 200 గజాల చొప్పున కోస్తే 24 ప్లాట్లు. ఇంతటి ప్రలోభాన్ని ఎదుట పెట్టుకున్నవాడికి నియమం ఎంత గట్టిగా ఉండాలి?

ఎంత మెత్తగా ఉందో చూడండి. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల చుట్టూ 30 మీటర్లు, వెడల్పాటి నాలాల పక్కన 9 మీటర్లు వదలాలి. మంచిదే. అయితే అలా వదిలిన నేలను పిల్లల ఆటస్థలం లెక్కలో కూడా చూపుకోవచ్చునని అదే జీవో వెసులుబాటు ఇచ్చింది! నీటికి వదలవలసింది వేరు, పిల్లలకు వదలవలసింది వేరు. ఒకే నేలతో రెండు బాకీలు తీర్చుకొమ్మనడం ఏ న్యాయం?

2020 నాటి లేఔట్ల క్రమబద్ధీకరణ పథకం మరొక అడుగు ముందుకు వేసింది. 10 శాతం ఖాళీస్థలం లేని లేఔటులో ప్లాటు విలువలో 14 శాతం కడితే సరిపోతుందన్నది. కట్టేదెవరు? ఎక్కువగా ప్లాటు కొన్న అమాయకుడు. పార్కును ప్లాట్లుగా కోసి అమ్మినవాడు సొమ్ముతో ఎప్పుడో వెళ్ళిపోయాడు. 2025లో ఆ పథకపు రుసుముపై 25 శాతం రాయితీ కూడా ఇచ్చారు. సొమ్ము ఖజానాకు చేరింది. పిల్లవాడు ఖజానాలో ఆడుకోలేడు కదా.

"పురపాలక సంఘం చేతికిస్తే పార్కు ఎండిపోతుంది, మా చేతిలో ఉంటేనే పచ్చగా ఉంటుంది" అనే వాదన ఒకటుంది. అందులో నిజం లేకపోలేదు. నీళ్ళు లేని మునిసిపల్ పార్కులు నేనూ చూశాను. కానీ నిర్వహణ వేరు, యాజమాన్యం వేరు. నీళ్ళు పోసే పనిని కాలనీ సంఘానికి అప్పగించవచ్చు. హక్కు మాత్రం ప్రజలదిగా ఉండాలి. బెంగుళూరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చినప్పుడు, ఆ కేటాయింపు చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ స్థలాన్ని వదులుకున్నది ప్రభుత్వ యంత్రాంగమే, కోర్టుకు వెళ్ళింది ఆ పేటవాసులు. ప్రభుత్వం చేతిలో ఉన్న పార్కుకే కాపలా అవసరమైతే, బిల్డరు చేతిలో ఉన్నదాని సంగతి చెప్పాలా?

2024లో హైడ్రా ఏర్పడిన తరువాత ఆక్రమణకు గురైన పార్కులు కొన్ని బయటపడ్డాయి. సంతోషమే. కానీ కూల్చివేత చికిత్స మాత్రమే. రోగం అనుమతి పత్రంలో ఉంది.

అందుచేత నేను కోరేవి నాలుగు. పార్కు స్థలం నగర సంస్థ పేర దానపత్రంగా రిజిస్టరై, చెట్లు నాటి, ప్రహరీ కట్టేవరకు తనఖా ప్లాట్లను విడుదల చెయ్యరాదు. పార్కు అందరూ నడిచే రోడ్డు పక్కన ఉండాలి గాని మిగిలిపోయిన మూలన కాదు. చెరువు హద్దును ఆటస్థలం లెక్కలో కలపరాదు. పార్కు లేనందుకు వసూలైన సొమ్ముతో ఆ పేటలోనే స్థలం కొనాలి.

మిత్రులకొక మనవి. సమాచార హక్కు చట్టం 2005 నుండి మన చేతిలో ఉంది. మీ కాలనీకి మంజూరైన లేఔటు పటం నకలు అడిగి తెచ్చుకోండి. ఆకుపచ్చ చతురస్రం ఎక్కడుందో వెతికి, టేపు పట్టి కొలవండి. తేడా వస్తే ఊరుకోకండి.