ఇంటిల్లిపాదికీ కందిపప్పు

ధర్మవరంలో చాలా నేత ఇళ్లలో మగ్గం ఒక చోట, కాపురం ఒక చోట అని ఉండదు. గుంటమగ్గంలో కాళ్లు పెట్టి తండ్రి పట్టుచీర నేస్తుంటే, పక్కనే పిల్లలు నిద్రపోతుంటారు. ఆ ఇంట్లో ఒక్కరికి ఊపిరితిత్తుల క్షయ వస్తే, అదే గాలి అందరూ పీల్చాలి.

క్షయ క్రిమి సోకిన ప్రతివారికీ జబ్బు రాదు. రక్షణ కణాలు క్రిమి చుట్టూ చేరి దాన్ని ఏళ్ల తరబడి కట్టడి చేస్తాయి. తిండి తగ్గితే ఆ కాపలా సడలుతుంది. జార్ఖండ్‌లో దీనిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. రోగి కుటుంబంలో పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు (పదేళ్లలోపు పిల్లలకు అందులో సగం), విటమిన్ మాత్రలు ఇస్తే కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. టీకా గురించి కాదు, పప్పన్నం గురించి చెబుతున్నాం!

కేంద్రం 2024 నవంబరులో క్షయ రోగులకిచ్చే పోషకాహార సాయాన్ని నెలకు 500 నుంచి 1,000 రూపాయలకు పెంచింది. మంచిదే. కానీ ఆ నగదు రోగి ఖాతాకే. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఆసుపత్రుల్లో క్షయ నిర్ధారణ అయిన రోజే కుటుంబం మొత్తానికీ బియ్యం, పప్పు రాసివ్వాలి. చౌకదుకాణాలు ఎలాగూ ఉన్నాయి, రేషన్ కార్డులూ ఉన్నాయి. జిల్లా యంత్రాంగం ముందు ధర్మవరం నేత వీధుల్లో మొదలుపెట్టాలి.