80 శాతం సంగతి ఎందుకు దాస్తారు?

భారీ నిర్మాణ ప్రాజెక్టులకు ఇక డబ్బుకు కొదవ లేదట. రీట్లు (స్థిరాస్తి పెట్టుబడి ట్రస్టులు) వచ్చాయి, చిన్న రీట్లు వచ్చాయి, ప్రత్యామ్నాయ పెట్టుబడి నిధులు వచ్చాయి. సామాన్యుడూ రియల్ ఎస్టేట్ పెట్టుబడిదారు అయిపోతాడట. ప్రాపర్టీ షోల వేదికల మీద ఈ మాట చెప్పని నిపుణుడు లేడు. సెబీ నిబంధనల్లోని ఒక్క అంకె మాత్రం ఎవరి నోటా రాదు. రీట్ ఆస్తుల విలువలో కనీసం 80 శాతం, కట్టడం పూర్తయి అద్దె తెస్తున్న భవనాల్లోనే ఉండాలి. 2024 మార్చిలో అనుమతించిన చిన్న, మధ్యతరహా రీట్లకైతే అది 95 శాతం. ఈ చిన్న రీట్లలో రూ.10 లక్షలు పెట్టి మీరు కొనేది ఎప్పుడో కట్టేసిన ఆఫీసు అద్దెలో వాటా. కొత్త పునాది తవ్వడానికి అందులోంచి రూపాయి వెళ్లదు.

కట్టిన భవనాన్ని రీట్‌కు అప్పగించిన బిల్డరు ఆ సొమ్ముతో మరొకటి కట్టవచ్చు, నిజమే. మాదాపూర్ మైండ్‌స్పేస్ లాంటి ఆఫీసు సముదాయాలకు ఆ దారి పనికొస్తుంది. అద్దెకు కాక అమ్మకానికి కట్టే నలభై అంతస్తుల అపార్టుమెంటుకు ఈ 80 శాతం నిబంధన తలుపు మూసినట్లే.

మరి వాటికి డబ్బెక్కడిది? స్థలం కొనడానికి ప్రైవేటు బిల్డర్లకు బ్యాంకులు అప్పివ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ ఖాళీలోకే, నమోదుకు ముందే అమ్మేసే ప్రీ-లాంచ్ వచ్చి కూర్చుంది. చదరపు అడుగుకు మార్కెట్ కన్నా బాగా తక్కువ ధర, మొత్తం ఒకేసారి కట్టాలి, చేతికి భూమిలో అవిభాజ్య వాటా కాగితం. స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు కాకుండా అసలు అమ్మకూడదని 2016 చట్టం చెబుతోంది. ఒప్పందం రిజిస్టర్ కాకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదనీ, వసూలైన దాంట్లో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలనీ అదే చట్టం. ప్రాజెక్టు నమోదే కానప్పుడు ఆ ఖాతా ఎక్కడుంటుంది?

కాబట్టి హైదరాబాద్‌లో కొత్త ఫైనాన్సింగ్ అంటే కొనుగోలుదారే. వడ్డీ అడగడు, తాకట్టు కోరడు. అతడూ ఆర్థిక రుణదాతేనని 2018లో దివాలా చట్టాన్ని సవరించి ఒప్పుకున్నారు. రెండేళ్లు తిరక్కుండానే, దివాలా పిటిషన్ వేయాలంటే ఆ ప్రాజెక్టులో వంద మందో, 10 శాతం మందో కలిసి రావాలని మెలిక పెట్టారు. బ్యాంకు మాత్రం ఒక్కటే వెళ్లవచ్చు. ఆమ్రపాలి అనే నిర్మాణ సంస్థ ప్రాజెక్టుల్లో 42 వేల పైచిలుకు కుటుంబాల సొమ్ము పక్కదారి పట్టిందని 2019లో సుప్రీంకోర్టే తేల్చింది. ఆగిపోయిన ఇళ్లు పూర్తి చేయడానికి అదే ఏడాది కేంద్రం రూ.25 వేల కోట్ల స్వామిహ్ నిధి ప్రకటించాల్సి వచ్చింది. రిస్కంతా పునాది నుంచి పైకప్పు దాకా ఉంది. రీట్ పెట్టుబడిలో 80 శాతం ఆ రిస్కు తీరాకే వస్తుంది.

ప్రభుత్వాలకు ఇది తెలియక కాదు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం రూ.100 కోట్లు దాటినప్పుడు పండగ చేసుకున్నది ప్రభుత్వమే. ఆ ధరకు స్థలం కొన్నవాడు, బ్యాంకు గుమ్మం తొక్కే వీలు లేనివాడు, వాయిదాలు ఎవరి జేబులోంచి కడతాడని ఒక్క అధికారైనా అడిగాడా? వేలం సొమ్ము వాళ్లకే, అనుమతుల ఫీజులు వాళ్లకే, రిజిస్ట్రేషన్ ఆదాయమూ వాళ్లకే. ఇక ప్రీ-లాంచ్ హోర్డింగులు కంటికి ఎలా ఆనతాయి?

నమోదు చేయకుండా అమ్మితే మొదట పడే జరిమానా ప్రాజెక్టు అంచనా వ్యయంలో గరిష్ఠంగా 10 శాతం. అంత వ్యయానికీ బయట అప్పు తెస్తే రెండేళ్ల వడ్డీయే అంతకు మించుతుంది. ఆ తర్వాత కూడా మొండికేస్తే మూడేళ్ల దాకా జైలు కూడా పడవచ్చని చట్టంలో ఉంది, అక్కడి దాకా ఎవరు లాగుతారు? రెరా నంబరు లేని అవిభాజ్య వాటా దస్తావేజును సబ్ రిజిస్ట్రారు వెనక్కి పంపాలి. వేలం వేసిన స్థలానికి కొన్నవాడు డబ్బెక్కడి నుంచి తెచ్చాడో ప్రభుత్వం రాతపూర్వకంగా తీసుకోవాలి. ఈ రెండూ ప్రభుత్వం తలచుకోవాల్సిన పనులే. అవి చేయనంత కాలం రీట్ల గురించి ఉపన్యాసాలిచ్చే మంత్రులూ, నిపుణులూ ఆ 80 శాతం అంకెను కూడా అదే మైకులో చదివి వినిపించాలి.