ఆరు మ్యాచ్‌ల తీర్పు చెల్లదు

ఆరు మ్యాచ్‌లు, రెండు గెలుపులు, నాలుగు ఓటములు. అంతలోనే, 2024 అక్టోబరు 29న, ఐర్లండ్‌లోని మన్‌స్టర్ ప్రావిన్స్ రగ్బీ జట్టు హెడ్ కోచ్ గ్రాహం రౌన్‌ట్రీ పదవి వదిలి వెళ్లిపోయారు. పరస్పర అంగీకారంతోనే అని యాజమాన్యం ప్రకటించింది. పలు దేశాల జట్లు ఆడే పద్దెనిమిది రౌండ్ల లీగ్‌లో ఇంకా పన్నెండు మిగిలే ఉన్నాయి. అది తప్పుడు నిర్ణయం. ఆనాడూ తప్పే, ఇవాళ వెనక్కి తిరిగి చూసినా తప్పే.

అభిమానుల కోపంలో న్యాయం లేదని మేం అనం. ఆ సెప్టెంబరు 28న ఇటలీలోని పార్మాలో జీబ్రే చేతిలో 33-42తో ఓడటం ఏ లెక్కన చూసినా సహించరానిది. 2022-23 సీజన్‌లో ఆడిన పద్దెనిమిది మ్యాచ్‌లూ ఓడిన జట్టు అది. అలాంటి జట్టుకు 42 పాయింట్లు అప్పగించారంటే డిఫెన్స్ తెగిన చెరువుకట్టలా ఉందన్నమాట. ఆ తర్వాత డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో చిరకాల ప్రత్యర్థి లీన్‌స్టర్ 26-12తో ఓడించింది. దక్షిణాఫ్రికా వెళ్లి కేప్‌టౌన్‌లో 34, డర్బన్‌లో 41 పాయింట్లు ఇచ్చుకుని తిరిగొచ్చారు. 1978లో న్యూజిలాండ్ ఆల్ బ్లాక్స్‌ను 12-0తో మట్టికరిపించిన జట్టు ఇది. 2006లో, 2008లో యూరప్ కప్పు ఎత్తిన జట్టు ఇది. దాన్ని ఈ స్థితిలో చూసిన సొంత నగరాలు లిమరిక్, కార్క్‌ల జనం మండిపడ్డారంటే అందులో వింతేముంది? డబ్బు పెట్టి టికెట్ కొని, వానలో తడుస్తూ నిలబడేవాళ్లకు నిలదీసే హక్కు ఉంది.

కానీ ఆ జనానికీ, ఆ యాజమాన్యానికీ అంతకు రెండేళ్ల ముందటి సంగతి గుర్తుండాల్సింది. 2022 శరత్కాలంలో రౌన్‌ట్రీ కొత్తగా పగ్గాలు పట్టినప్పుడు ఆరంభం ఇంతకన్నా అధ్వానం. మొదటి ఏడు మ్యాచ్‌లలో ఐదు ఓటములు. కార్డిఫ్ ఓడించింది, డ్రాగన్స్ ఓడించింది, కనాట్ ఓడించింది, లీన్‌స్టర్ ఓడించింది, చివరికి అల్‌స్టర్ ఒక్క పాయింటు తేడాతో ఓడించింది. అప్పుడూ ఇవే మాటలు వినిపించాయి: దాడిలో పదును లేదు, కొత్త పద్ధతి ఆటగాళ్లకు ఎక్కలేదు, కోచ్‌కు పని తెలియదు. అయినా ఆయన్ని కదపలేదు. నవంబరు 10న కార్క్‌లో 40 వేల మందికి పైగా చూస్తుండగా దక్షిణాఫ్రికా ‘ఎ’ జట్టును 28-14తో ఓడించారు. జట్టు నడక ఆ రాత్రి నుంచి మారింది.

లీగ్ పట్టికలో ఐదో స్థానంలో ముగించారు కాబట్టి నాకౌట్ మ్యాచ్‌లు మూడూ పరాయి గడ్డ మీదే ఆడాల్సి వచ్చింది. గ్లాస్గోలో గెలిచారు. డబ్లిన్ సెమీఫైనల్లో లీన్‌స్టర్‌పై చివరి నిమిషాల్లో జాక్ క్రౌలీ కొట్టిన డ్రాప్ గోల్‌తో 16-15. 2023 మే 27న కేప్‌టౌన్ ఫైనల్లో జాన్ హాడ్నెట్ ఆఖర్లో సాధించిన ట్రైతో స్టార్మర్స్‌పై 19-14. మరుసటి ఏడాది లీగ్ దశలో పట్టికలో అగ్రస్థానం వాళ్లదే. ఒక కప్పు, ఒక అగ్రస్థానం ఇచ్చిన మనిషిని ఆరు మ్యాచ్‌ల లెక్కతో సాగనంపారు.

సీజన్ ఆరంభంలో ఐరిష్ ప్రావిన్స్ జట్లను తూచే త్రాసు వేరుగా ఉండాలి. జాతీయ జట్టుకు ఆడే ప్రధాన ఆటగాళ్ల విశ్రాంతినీ, మ్యాచ్‌ల సంఖ్యనూ ఐర్లండ్ రగ్బీ యూనియన్ పర్యవేక్షిస్తుంది. వేసవిలో జాతీయ జట్టుతో విదేశీ పర్యటనకు వెళ్లినవాళ్లు ప్రావిన్స్ జెర్సీలోకి ఆలస్యంగా వస్తారు. 2024 జులైలో ఐర్లండ్ దక్షిణాఫ్రికాలో రెండు టెస్టులు ఆడింది. సెప్టెంబరులో మైదానంలోకి దిగే మన్‌స్టర్, మే నాటికి దిగే మన్‌స్టర్ ఒకటి కావు. ఈ సంగతి జీతం తీసుకునే పాలకులకు అభిమానులకన్నా బాగా తెలుసు. తెలిసీ ఆరు మ్యాచ్‌ల లెక్క చూసి కోచ్‌ను వదులుకున్నారు కాబట్టే వాళ్ల తప్పు పెద్దది.

లిమరిక్‌లోని థోమండ్ పార్క్‌లో ఒక ఆచారం ఉంది. ఎవరైనా పెనాల్టీ కిక్‌కు సిద్ధమైతే పాతిక వేల మంది ఒక్కసారిగా నోరు మూసుకుంటారు. సొంత జట్టువాడు కొడుతున్నా, ప్రత్యర్థి కొడుతున్నా అంతే. అప్పటిదాకా పాటలతో హోరెత్తిన స్టాండ్స్‌లో దగ్గు కూడా వినిపించేంత నిశ్శబ్దం. కిక్కర్ రెండడుగులు వెనక్కి వేసి, పక్కకు జరిగి, గోల్ స్తంభాల వైపు తలెత్తి చూసే ఆ కొన్ని క్షణాలు మైదానం మొత్తం అతనికి అప్పగిస్తారు. బంతి లేచి ఫలితం తేలాకే చప్పుడు. ప్రత్యర్థికి అంత సమయం ఇవ్వగలిగిన ఈ జనం తమ సొంత కోచ్‌కు మాత్రం ఆరు వారాలకు మించి ఇవ్వలేకపోయారు. అందుకు వాళ్లనూ మేం తప్పుపడుతున్నాం. కాకపోతే వాళ్ల చేతిలో ఉన్నది గొంతు మాత్రమే. సంతకం పెట్టే కలం యాజమాన్యానిది.

ఆ సంతకంతో ఏం ఒరిగింది? తాత్కాలిక సారథ్యంలో సీజన్ గడిచి జట్టు ఆరో స్థానంలో ముగించింది. 2025 మే 31న డర్బన్ క్వార్టర్‌ఫైనల్లో షార్క్స్‌తో 24-24తో సమంగా నిలిచి, కిక్‌ల పోటీలో ఓడింది. యూరప్ కప్పులో ఫ్రాన్స్ జట్టు లా రొషెల్‌ను వాళ్ల సొంతగడ్డపై ఒక్క పాయింటుతో ఓడించిన రోజు గొప్పదే. ఆ ఘనత ఆటగాళ్లది. ఇవేవీ కోచ్‌ను ఎందుకు వదులుకున్నారన్న ప్రశ్నకు జవాబు కావు. పరస్పర అంగీకారం అన్న రెండు మాటలూ జవాబు కావు. డిఫెన్స్ ఎక్కడ దెబ్బతింది, గాయాల పాత్ర ఎంత, శిక్షణ బృందంలో ఏ లోపం కనిపించింది, కోచ్‌ను మార్చకుండా దాన్ని సరిదిద్దే దారి లేకపోయిందా? ఇవన్నీ సీజన్ టికెట్ కొన్న ప్రతి మనిషికీ విప్పి చెప్పాల్సిన విషయాలు.

2025లో న్యూజిలాండ్ నుంచి క్లేటన్ మెక్‌మిలన్ వచ్చారు. మొదటి ఐదు లీగ్ మ్యాచ్‌లూ గెలిచారు. క్రోక్ పార్క్‌లో లీన్‌స్టర్‌ను 31-14తో చిత్తు చేశారు. అంతకు ఏడాది ముందు అక్టోబరులో తిట్టిన నోళ్లే 2025 అక్టోబరులో కప్పు మాదేనన్నాయి. నవంబరు నెల దాటకముందే స్టార్మర్స్ లిమరిక్ వచ్చి గెలిచి వెళ్లింది. మెక్‌మిలన్‌ను కూడా ఆరు మ్యాచ్‌లతో కొలిచేవాళ్లకు మేం చెప్పేది ఒకటే: ఆయన పని మీద తీర్పు అడగాల్సింది మే నెలలో.