గాజుపిండియా, గాజుపెంకులా?

పగిలిన సీసాలను కాంక్రీటులో కలిపినచో ఇసుక మిగులును, సిమెంటు మిగులును, బలము పెరుగును అను మాట నేడు తఱచుగా వినవచ్చుచున్నది. మాట మంచిదే. కాని పెంకులుగా కలుపుటయా, పిండిగా నూరి కలుపుటయా? ఈ ప్రశ్న నడుగకయే బలమును గూర్చి ప్రసంగించు వారితో మాకు వాదము గలదు.

గాజులో నూటికి ఇంచుమించు డెబ్బది పాళ్లు సిలికాయే. దానిని 75 మైక్రానులకు లోబడునట్లు నూరినచో, సిమెంటు తడిసినపుడు వెలువడు సున్నముతో కూడి గట్టిపడును. ఇందు వింత లేదు. సున్నములో ఇటుకపొడి వేసి గానుగ త్రిప్పించిన మన పూర్వపు మేస్త్రీలు చేసినదియు నిదియే. సిమెంటులో పదియో యిరువదియో పాళ్లు తీసి ఈ పిండిని వేసినచో 28 దినముల బలము కొంత తగ్గవచ్చును. 90 దినములకు తఱచుగా ఆ లోటు తీరును. అమెరికాలో 2020లో దీనికి ప్రత్యేక ప్రమాణమే వెలువడినది.

పెంకుల సంగతి వేఱు. నున్నని గాజును సిమెంటు గట్టిగా పట్టదు. అంతకంటె ఘోరమేమనగా, తడి తగిలినపుడు సిమెంటులోని క్షారము గాజును తిని ఒక జిగురును పుట్టించును. అది నీరు పీల్చి ఉబ్బి కాంక్రీటును లోపలినుండి చీల్చును. రాళ్ల విషయమున ఈ వ్యాధిని కాలిఫోర్నియాలో స్టాంటను 1940లోనే బయటపెట్టెను. అది పైకి తేలుటకు ఏండ్లు పట్టును. ఇరువదియెనిమిదవ నాడు దిమ్మను యంత్రములో నొక్కి జయము చాటువారు దీనికేమి సమాధానము చెప్పుదురు? నూరుటకు కరెంటు ఖర్చగును గనుకనే పెంకులపై ఇంత మోజు కాబోలు!

1975లో పూర్తియైన తాండవ జలాశయము నాతవరము మండలముననే గలదు. దాని కాలువలు అనకాపల్లి, కాకినాడ జిల్లాల పొలములను తడుపుచున్నవి. నెలల తరబడి నీట నానెడు కాలువ గోడలో, తూములో పెంకుల కాంక్రీటు పోసినచో, కాంట్రాక్టరు బిల్లు తీసికొని పోవును. పగుళ్లు రైతుకు మిగులును.

అట్లని గాజు వలదనుట మా మతము కాదు. 2019లో ఇసుక కొఱతచే పనులు నిలిచి కూలివారు అలమటించిన రాష్ట్రమిది. ఒకనాడు పారవేసిన బొగ్గుబూడిదకు 2000 నాటి ఐ.ఎస్. 456లో చోటు దక్కినది. గాజుపిండికి అందు పేరు లేదు. పరీక్షింపకయే త్రోసిపుచ్చు అధికారులారా, నాతవరపు వీథులలో పరచు దిమ్మలతో ఆరంభింపుడు. 28 దినములకే కాక 90 దినములకును, ఏడాదికిని పరీక్షించి, పిండి యెంత మెత్తనిదో సహా లెక్కలన్నియు పంచాయతీ గోడపై తెలుగున అతికింపుడు. అంతవఱకు తాండవ కాలువ పనిలో ఒక్క పెంకైనను పడనీయరాదు.