రాయి లేని రమ్జీ సాబ్

పేర్లతో మొదలుపెడతాం. జబ్బార్, సత్తార్, గఫార్, కరీం, రహీం, హఫీజ్, ఫత్తా. గుంటూరు ఆటోస్టాండులో, నిజామాబాద్ బీడీ కార్ఖానాలో, కర్నూలు పాతబస్తీలో రోజూ వినబడే పేర్లు. అల్లాకున్న తొంభైతొమ్మిది పేర్లలోంచి వచ్చినవే. కాగితం మీద ముందు 'అబ్దుల్' ఉంటుంది. అబ్దుల్ జబ్బార్ అంటే ఆ జబ్బార్‌కు దాసుడు అని. వీధిలోకి వచ్చేసరికి అబ్దుల్ రాలిపోయి "ఒరే జబ్బారూ" మిగులుతుంది. తాతల కాలం నుంచీ ఇలాగే పిల్చుకుంటున్నాం, ఏ మౌల్వీ సాబూ కేకలెయ్యలేదు. మన సినిమా రచయితలకు మాత్రం ఈ పేర్లు రెండు పనులకే పనికొస్తాయి. ఒకటి, బాంబు పెట్టేవాడికి. రెండు, హీరో కోసం గుండె అడ్డుపెట్టి చచ్చిపోయేవాడికి.

ఇవే పేర్లు పెట్టుకున్న వీరులు 2010 చివర్లో సూపర్‌మాన్, బ్యాట్‌మాన్, వండర్ ఉమన్‌లతో కలిసి ఒకే అట్ట మీద నిలబడ్డారు. పుస్తకం పేరు 'జె.ఎల్.ఏ./ది 99'. మొత్తం ఆరు సంచికలు. అమెరికాలోని డీసీ కామిక్స్, కువైత్‌లోని తష్కీల్ సంస్థ కలిసి వేశాయి. ఫాబియన్ నిసియెజా, స్టూవర్ట్ మూర్ రాశారు. పిల్లల బొమ్మల పుస్తకం మీద వ్యాసమా అని ముక్కు విరిచే పెద్దమనుషులున్నారు. వాళ్ళకొక మాట. జాతి బుర్రలోకి ఎవడు వీరుడో, ఎవడు విలనో ఎక్కేది రాజ్యాంగం చదివి కాదు. పదేళ్ళ వయసులో చూసిన బొమ్మల నుంచే ఎక్కుతుంది.

'ది 99' సృష్టికర్త నాయిఫ్ అల్-ముతవ్వా. కువైత్ మనిషి, క్లినికల్ సైకాలజిస్టు. న్యూయార్క్‌లో రాజకీయ చిత్రహింసలు అనుభవించి బయటపడ్డవాళ్ళకు వైద్యం చేసినవాడు. 2006లో ఈ పత్రిక మొదలుపెట్టాడు. కథకు మూలం చరిత్రలోని గాయం. 1258లో హులాగూ సేనలు బగ్దాద్ మీద పడి గ్రంథాలయాలను నాశనం చేశాయి. పుస్తకాల సిరాతో టైగ్రిస్ నల్లబడిందని మా పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. ముతవ్వా అక్కడొక కల్పన అల్లాడు. గ్రంథాలయ రక్షకులు ఆ జ్ఞానాన్నంతా తొంభైతొమ్మిది నూర్ రాళ్ళలోకి ఎక్కించారు. అవి గ్రనడా చేరి, అక్కడి నుంచి లోకమంతా చెల్లాచెదురయ్యాయి. ఏ రాయి ఎవరికి చిక్కితే వాళ్ళకు ఒక గుణం. సౌదీ కుర్రాడు నవాఫ్ మందుపాతర మీద కాలేస్తే రాతి ముక్కలు ఒంట్లో దిగబడి జబ్బార్ అయ్యాడు. చక్రాల కుర్చీలో ఉన్న అమెరికన్ జాన్ 'దార్' అయ్యాడు, నొప్పి పుట్టించగలడు, తీసేయగలడు. ఎమిరేట్స్ పిల్ల నూరా, యెమెన్ నుంచి నిండా ముసుగేసుకున్న బాతినా, హంగెరీ నుంచి జామీ, ఫిలిప్పీన్స్ నుంచి వదాద్. కథలో ఎవరూ నమాజు చేయరు. ఇస్లాం అన్న మాటే రాదు. ముగ్గురేసి చొప్పున జట్టుకట్టి పనిచేస్తారు, అబ్బాయీ అమ్మాయీ ఒంటరిగా ఉండాల్సిన పని రాకుండా. ఈ ఏర్పాటు చూసి మేము నవ్వుకున్నాం. మా ఇళ్ళలో పెద్దమ్మలు చేసే ఏర్పాటూ అచ్చం ఇదే.

ఇంత మెత్తని పుస్తకానికి పట్టిన గతి చూడండి. ముందు అమెరికా. 2010 ఏప్రిల్‌లో ఒబామా మెచ్చుకున్నాడు, జస్టిస్ లీగ్‌తో కలయికను ప్రస్తావించాడు. అదే ఏడాది అక్కడి ముస్లిం వ్యతిరేకులు పిల్లలకు షరియా ఎక్కిస్తున్నారని గగ్గోలు పెట్టారు. బొమ్మల సీరియల్ వేస్తామన్న టీవీ చానల్ వెనక్కి తగ్గింది. తర్వాత మనవాళ్ళ వంతు. 2014లో సౌదీ మతపెద్దలు దీనికి వ్యతిరేకంగా ఫత్వా ఇచ్చారు. అల్లా గుణాలను మనుషులకు అంటగట్టారని నేరం మోపారు. అదే ఏడు ముతవ్వాకు చంపుతామని బెదిరింపులొచ్చాయి. అప్పటికే, 2013లోనే, పత్రిక ఆగిపోయింది. ఒకే పుస్తకం ఒకడికి ఇస్లాం ప్రచారం, ఇంకొకడికి ఇస్లాంకు ద్రోహం. ఇద్దరూ చదివి ఉంటారని మేము నమ్మం. ముస్లిం అంటే ఏమిటో తీర్మానించే పని వాళ్ళిద్దరిదే గానీ ముస్లింది కాదన్న విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

ఇక్కడిదాకా మా లౌకిక మిత్రులు తల ఊపుతారు. ముఖ్యంగా ఫత్వా దగ్గర. "ముందు మీ ముల్లాల సంగతి చూసుకోండి" అంటారు. చూసుకుంటున్నాం, మిత్రులారా. ముతవ్వా చేసింది అదే. కానీ బాతినా బొమ్మ కనబడగానే మీ ముఖం మాడుతుందే, దాని సంగతేమిటి? పక్కనే తల మీద గుడ్డ లేని నూరా ఉంది. ఇద్దరూ ఒకే జట్టు, ఒకరినొకరు మార్చాలని చూడరు. 2022లో కర్ణాటకలో తలగుడ్డ కట్టుకున్న పిల్లల్ని కాలేజీ గేటు బయట నిలబెట్టినప్పుడు మీలో చాలామంది ఆ పిల్లల చదువు గురించి ఒక్కమాటా, ఆ గుడ్డ గురించి పది మాటలూ రాశారు. ఆ పుస్తకం రచయితకు తట్టింది మీకు తట్టలేదు.

ఇంక మాకు ప్రియమైన మనిషి దగ్గరికి వస్తాం. డాక్టర్ రమ్జీ రజీం. ఆయనకు రాయి లేదు. ఎగరలేడు, గోడలు బద్దలు కొట్టలేడు. సైకాలజిస్టు, చరిత్ర పండితుడు, యునెస్కో మనిషి. చేసే పని ఒక్కటే. రాళ్ళ జాడ వెతుకుతూ దేశాలు తిరగడం, రాయి చిక్కి భయపడిపోయిన పిల్లల్ని చేరడం, నీకు పట్టింది దయ్యం కాదు, జ్ఞానం అని నచ్చజెప్పడం. హంగెరీ పిల్లాణ్ణీ యెమెన్ పిల్లనూ ఒక గదిలో కూర్చోబెట్టడం. అట్ట మీద కండలు తిరిగిన జబ్బార్ ఉంటాడు గానీ రమ్జీ సాబ్ లేనిదే జట్టే లేదు. వయసు మళ్ళుతున్న మాకు ఈ పుస్తకంలో కనబడే చుట్టం ఆయనే. ఉర్దూ మాస్టర్లు, మదర్సాకి సైకిలు మీద వెళ్ళి లెక్కలు చెప్పిన పెద్దలు, రెండు లిపుల్లో పత్రిక నడిపి అప్పులపాలైన సంపాదకులు, అందరూ ఆయన బిరాదరీయే.

సహాయపాత్ర అంటే మాకు కొత్త కాదు. 'జంజీర్' (1973)లో షేర్‌ఖాన్, 'షోలే' (1975)లో కొడుకును పోగొట్టుకున్న రహీం చాచా. మన తెలుగులో 'ఖడ్గం' (2002). అందులో అంజద్ మంచివాడే, ఎవరూ కాదనరు. కానీ తన తమ్ముడు తీవ్రవాది అయినందుకు తన దేశభక్తిని తానే ఋజువు చేసుకోవాలి. పక్కనున్న హిందూ స్నేహితుణ్ణి ఆ ఋజువు ఎవరూ అడగరు. వీళ్ళందరికీ రమ్జీ సాబ్‌కూ తేడా ఏమిటి? రహీం చాచా వేరేవాళ్ళ కథలో సహాయపాత్ర. ఆయన దుఃఖం ఊరివాళ్ళ మనసు మార్చడానికే ఉంది. రమ్జీ సాబ్ తన కథలో సహాయపాత్ర. ఆయన ఎవరికీ ఏమీ ఋజువు చేయడు. ఆయనకు పని ఉంది, చేసుకుపోతాడు. మంచి ముస్లిం పాత్ర రాశామని మురిసిపోయే రచయితలు ఈ తేడా మీద ఒక సాయంత్రం ఖర్చుపెట్టాలని మా విన్నపం.

రెండు జట్ల కథలకు ఒక ఆనవాయితీ ఉంది. 2003లో మొదలైన 'జె.ఎల్.ఏ./అవెంజర్స్' చూసినవాళ్ళకు తెలుసు. ముందు అనుమానం, ఆ తర్వాత కొట్లాట, ఆ తర్వాత స్నేహం. బొమ్మల్లో అనుమానం నాలుగు పేజీల్లో తీరిపోతుంది. మాకు తీరలేదు. 2007 మేలో హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిపోయిందీ మావాళ్ళే, అనుమానం మీద పోలీసులు పట్టుకుపోయిందీ మా పిల్లల్నే. ఏళ్ళ తర్వాత కోర్టులు వాళ్ళను వదిలేశాయి. మూడో ఘట్టం, ఆ స్నేహం, ఎన్నో పేజీలో ఉందో చెప్పేవాళ్ళు లేరు.

భాషలోనే ఉంది చిక్కంతా. ఉర్దూలో 'హమ్' ఒకటే మాట. వినేవాడు అందులో ఉన్నాడా లేడా అని అది తేల్చి చెప్పదు. తెలుగు అలా ఊరుకోదు. 'మనం' అంటే నువ్వూ నేనూ. 'మేము' అంటే నువ్వు బయట. రెండు జుబాన్లతో బతుకుతున్న మేము నోరు తెరిచిన ప్రతిసారీ ఇందులో ఒకటి ఎంచుకోవాలి. సభల్లో మిత్రులు ప్రేమగా 'మనం' అంటారు. ఎక్కడో బాంబు పేలగానే 'మీరు' ఖండించండి అంటారు. ఈ వ్యాసమంతా 'మేము' అని రాస్తున్నామంటే మాకు 'మనం' చేదై కాదు. అది ఇటువైపు నుంచి మాత్రమే పలికితే చాలదు కనుక.

జె.ఎల్.ఏ. కలయిక మీద మాకు ఫిర్యాదు లేదని కాదు. సూపర్‌మాన్‌తో కరచాలనం చేస్తేగానీ జబ్బార్ పెద్దమనిషి కాడా? ఒక పక్క డెబ్భై ఏళ్ళుగా ప్రపంచమంతా ఎరిగిన వీరులు, ఇంకో పక్క పరిచయం చేయాల్సిన కొత్త ముఖాలు. అట్ట మీద సమానమే, అంగట్లో కాదు. సర్టిఫికెట్ వాసన వస్తుంది. అయినా ఆరు సంచికలూ మళ్ళీ తిరగేస్తే మాకు వచ్చింది కోపం కాదు, ఆకలి. ఎందుకంటే ఆ పేర్లు అక్కడ ఎవరికీ లోబడి లేవు.

కువైత్‌కు కూడా ఒక మాట చెప్పాలి. ఫిలిప్పీన్స్ పిల్లను ఆ పుస్తకం ప్రేమ పంచే వదాద్‌ను చేసింది. అదే కువైత్ ఇళ్ళలో ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళు, వాళ్ళతోపాటు కడప, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి పోయిన మన ఆడవాళ్ళు ఖద్దామాలుగా గిన్నెలు తోముతున్నారు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉన్నవాళ్ళు ఎందరో. ముస్లిం అయినంత మాత్రాన అరబ్బు సేటు రాయచోటి ఖాసింబీని బిడ్డలా చూస్తాడని మేము ఎన్నడూ అనుకోలేదు. బిరాదరీ అన్న మాటను అక్కడ కూడా నిలదీయాలి.

ఇప్పుడు ఇక్కడి పని. 1918లో ఉర్దూ మాధ్యమంగా మొదలైన ఉస్మానియా కోసం దారుల్ తర్జుమా అనువదించి వేసిన శాస్త్ర గ్రంథాలను, 1948 తర్వాత మాధ్యమం మారాక, చదివేవాళ్ళు లేకుండా పోయారు. ఏ హులాగూ రానక్కర్లేకుండానే. మా పిల్లల్లో చాలామందికి ఆ లిపి రాదు, తెలుగులో మా చరిత్ర లేదు. రెండు లిపులూ తెలిసిన మాస్టర్లు ఇంకా కొందరు మిగిలారు, రిటైరై ఇళ్ళలో కూర్చున్నారు. వాళ్ళ దగ్గరికి ఎవరు వెళ్తారు? బొమ్మలు వేయగలిగిన కుర్రాళ్ళు మా బస్తీల్లో ఉన్నారు, బోర్డులు రాసుకుంటూ, పచ్చబొట్లు పొడుస్తూ. వాళ్ళనూ ఆ మాస్టర్లనూ ఒక గదిలో కూర్చోబెట్టాలి. లౌకిక మిత్రుల్లో ముద్రణాలయం ఉన్నవాళ్ళు కాగితం ఇస్తే చాలు, ముందుమాట అక్కర్లేదు.